బ్రేకులో ఆముదం

మా తమ్ముడు ఇంగ్లండులో లీమింగ్టన్ స్పా అనే ఊళ్ళో కాపురం ఉంటున్నాడు. వాడి సంసారంలో భార్యా, పద్నాలుగేళ్ళ కూతురూ, ఒక పాత కారూ ఉన్నారు. కారుని కూడా "ఉన్నారు"లో కలిపేశానేమిటా అని మీకు అనిపించవచ్చు. వాడు దాన్ని చూసుకునే తీరు చూస్తే మీరూ అలాగే కలుపుతారు.

ఆ కారు పేరు ఎం.జి.బి. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్ళో ఐదు లక్షల పైచిలుకు తయారైన స్పోర్ట్స్ కారు. ఇద్దరే పడతారు. పైకప్పు గుడ్డది. వానొస్తే లోపల కూర్చున్నా గొడుగు వేసుకోవాలేమోననిపిస్తుంది. మా వాడిది 1972 నాటిది. పక్కింటాయన కొత్తగా కొనుక్కుని, తన చేతులతోనే బాగుచేసుకుంటూ, చివరిదాకా నడిపాడట. ఆయన పోయాక ఆయన భార్య, ఎనభై దాటిన పెద్దావిడ, ఎవరెవరో వచ్చి ఎక్కువ ధర ఇస్తామన్నా కాదని మా తమ్ముడికి ఇచ్చింది. "నువ్వయితే పక్కింట్లోనే ఉంటావు, కిటికీలోంచి కనబడుతూ ఉంటుంది" అందట.

కిందటేడు ఎండాకాలం నేను వాళ్ళింటికి వెళ్ళిన రెండో వారంలో ఆ సంగతి జరిగింది. ఆదివారం సాయంత్రం తండ్రీ కూతుళ్ళు కారులో షికారుకి వెళ్ళారు. దిగువకు దిగే రోడ్డు, చివర ఎర్రలైటు. మా వాడు బ్రేకు తొక్కాడు. పెడలు నేలదాకా వెళ్ళిపోయింది. కారు మాత్రం ఆగలేదు. వాడు మళ్ళీ మళ్ళీ తొక్కుతూనే చేతిబ్రేకు లాగాడు. ముందున్న బస్సు రెండడుగుల దూరంలో ఉండగా ఆగింది. ఇంటికొచ్చాక మేనకోడలు నవ్వుతూనే చెప్పింది గాని, దాని చేతులు మాత్రం చాలాసేపు వొణికాయి. మరదలు ఏడవలేదు, అరవలేదు. "వదినా, మీ తమ్ముణ్ణి అడగండి, ఆ కారుంటుందా నేనుండనా" అని నాతో అని లోపలికి వెళ్ళి గిన్నెలు కడుక్కుంది. ఆ గిన్నెల చప్పుడులోనే చెప్పాల్సిందంతా చెప్పేసింది.

"అక్కా, అది ఒక్క రబ్బరు ముక్క. ఆ రబ్బరు మారిస్తే అయిపోతుంది" అన్నాడు వాడు. నేను బి.ఏ. చరిత్ర చదివినదాన్ని. ఇద్దరి ప్రాణాలు ఒక రబ్బరు ముక్క మీద ఎలా ఆధారపడ్డాయో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ రాత్రి మొదలుపెట్టి రెండు వారాలు నేను చదివిందీ, షెడ్డులో చూసిందీ ఇక్కడ కలిపి చెబుతున్నాను.

మొదట్లో కార్లకు బ్రేకులంటే ఇనప కడ్డీలూ, ఉక్కు తీగలూను. కాలితో తొక్కితే కడ్డీ లాగుతుంది, చక్రం దగ్గర పట్టా బిగుస్తుంది. ఒక చక్రానికి బాగానే ఉంటుంది. రెండు చక్రాలకొచ్చేసరికి ఒకటి ముందు పడుతుంది, ఒకటి ఆలస్యంగా పడుతుంది. నాలుగు చక్రాలకయితే నలుగురు తోడికోడళ్ళని ఒకే మాట మీద నిలబెట్టడమే! పైగా ముందు చక్రాలు పక్కలకి తిరుగుతాయి, గతుకుల్లో పైకీ కిందికీ ఊగుతాయి. కడ్డీ పొడవు ఒకలా ఉంటే కదా పట్టు ఒకలా ఉండటానికి? అందుకని ఎక్కువ కార్లకు వెనక చక్రాలకే బ్రేకులుండేవి.

ఈ చిక్కుకు విరుగుడు అప్పటికి చాలాకాలం కిందటే దొరికింది. ఫ్రెంచి తత్వవేత్త పాస్కల్ (నాకు ఆయన తత్వవేత్తగానే తెలుసు, ఫిజిక్సు చదివినవాళ్ళు నవ్వుకోండి) మూతపెట్టిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ వొత్తిడి అన్నివైపులకీ సమానంగా పాకుతుందన్నాడు. ఆయన 1662లో పోతే, ఆ మరుసటి ఏడు ఆ గ్రంథం అచ్చయింది. దీన్నిబట్టి 1795లో లండనులో జోసెఫ్ బ్రామా అనే ఆయన నీటితో నడిచే ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. ఒక మనిషి చిన్న పిడి నొక్కితే టన్నుల బరువు లేస్తుంది. సిద్ధాంతం బ్రహ్మాండం. కాని నొక్కగానే నీళ్ళు సందుల్లోంచి చిమ్మేవి. సందు బిగిస్తే పిస్టను కదలదు, వదులు చేస్తే కారుతుంది.

ఆ ముడి విప్పింది బ్రామా దగ్గర పనిచేసే హెన్రీ మాడ్స్‌లే అనే కుర్రవాడంటారు. తోలుతో గిన్నెలాంటి పట్టీ చేశాడు. నీటి వొత్తిడి లేనప్పుడు ఆ గిన్నె అంచు వదులుగా ఉంటుంది. వొత్తిడి పెరిగేకొద్దీ అంచు విచ్చుకుని గోడకు అదుముకుంటుంది. ఏ వొత్తిడి కారిపోవాలని చూస్తోందో ఆ వొత్తిడే తలుపు మూస్తుందన్నమాట! ఈ మాడ్స్‌లే బ్రామా ఇంట్లో పనిచేసే అమ్మాయినే పెళ్ళిచేసుకున్నాడు. పిల్లలు పుట్టారు, ఖర్చులు పెరిగాయి. వారానికి 30 షిల్లింగుల జీతం కాస్త పెంచమని అడిగితే యజమాని కుదరదన్నాడు. 1797లో వెళ్ళిపోయి సొంత దుకాణం పెట్టుకుని గొప్ప ఇంజనీరయ్యాడు. తోలుగిన్నె మాత్రం బ్రామాకే మిగిలింది.

ఆ గిన్నె కార్లలోకి రావడానికి నూరేళ్ళు దాటింది. తెచ్చినవాడు అమెరికాలో కాలిఫోర్నియా వాడు, మాల్కమ్. అతని ఇంటిపేరు ఇంగ్లీషులో రాస్తే ఒకలా, పలికితే ఒకలా ఉండేది. పలికేది లాక్‌హీడ్ అని. స్పెల్లింగు చూసినవాళ్ళు లాగ్‌హెడ్ అనేవారు, అంటే మొద్దుతల అన్నట్టు వినబడేది. ఎంతకని సహిస్తారు? చివరికి పలికేటట్టే రాయడం మొదలుపెట్టారు.

ఇక్కడ కాస్త ఆగుతాను. మాల్కమ్ గురించి చదువుతూంటే వాళ్ళమ్మ పేరు కనిపించింది. ఫ్లోరా హెయిన్స్ లాక్‌హీడ్. ఏం చేసేదనుకున్నారు? నవలలు రాసేది! నవలలూ, పత్రికలకు వ్యాసాలూ, ఒక వంటల పుస్తకం కూడాను. భర్తతో సంసారం నిలవలేదు. పిల్లల్ని తనే పెంచింది, పళ్ళతోట సాగుచేసింది, తర్వాత ఓపల్ రాళ్ళ గనుల జోలికీ వెళ్ళింది. ఆవిడ కొడుకులు మాల్కమ్, ఆలన్ కాలేజీ ముఖం చూడకుండానే మెకానిక్కులయ్యారు. 1913లో సొంతంగా నీళ్ళమీద వాలే విమానం కట్టి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం మీద ఎగిరారు. 1915 ఎగ్జిబిషన్‌లో టిక్కెట్టు పెట్టి జనాన్ని అందులో తిప్పారు. 1926లో ఆలన్ పెట్టిన విమానాల కంపెనీకి లాక్‌హీడ్ అన్న స్పెల్లింగు వచ్చింది, అప్పటికే ఆ పేరుతో మాల్కమ్ బ్రేకులు జనానికి తెలిసివుండటం వల్ల. యుద్ధవిమానాల పేరుకి ముందు నడిచింది కారు బ్రేకు! ఫ్లోరా 1943 దాకా బతికింది. రెండింటినీ చూసింది. రాత్రిళ్ళు కాగితాల ముందు కూర్చున్న తల్లి, పక్కగదిలో మరలు విప్పుతున్న కొడుకులు... నా కళ్ళకు కట్టినట్టయింది. మా అబ్బాయి రేడియో విప్పి పారేసినప్పుడు నేను వేసిన కేకలు కూడా గుర్తొచ్చాయి.

మాల్కమ్ 1917లో పేటెంటు సంపాదించాడు. 1919లో కార్ల ఊరు డెట్రాయిటుకు వెళ్ళి, గొట్టంలో ద్రవం నింపి నాలుగు చక్రాలనీ ఒక్కసారే పట్టే బ్రేకును కార్లవాళ్ళకి చూపడం మొదలుపెట్టాడు. 1921 జులైలో ఫ్రాన్సులో లె మాన్స్ దగ్గర గ్రాండ్ ప్రీ పందెం జరిగింది. అమెరికా నుంచి వచ్చిన డ్యూసెన్‌బర్గ్ కార్లకు ఈ బ్రేకులున్నాయి. జిమ్మీ మర్ఫీ ప్రాక్టీసులోనే బోల్తాపడి గాయపడ్డాడు. ఆ దెబ్బలతోనే, పక్కటెముకలకు కట్లు కట్టించుకుని కూర్చుని, ఆ పందెం గెలిచాడు. వేగంగా పోయేవాడే గెలుస్తాడనుకుంటాం. మలుపు దాకా వేగం తగ్గించకుండా పోయి ఆఖరి క్షణంలో ఆగగలిగినవాడు గెలుస్తాడని ఆ రోజు తెలిసింది. అదే ఏడాది చివర డ్యూసెన్‌బర్గ్ వాళ్ళు మామూలు కారుకు కూడా ఈ బ్రేకులు పెట్టారు.

అయితే కారడం మాత్రం మానలేదు. మాల్కమ్ వాడిన గిన్నెలూ తోలువే. తోలు తడికి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. 1924 నాటి మొదటి క్రైస్లర్ కారు తయారుచేస్తున్నప్పుడు దాని ఇంజనీర్లు ఆ తోలు తీసేసి రబ్బరు గిన్నెలు వేశారు. కారడం తగ్గింది. ఇవాళ మీ కారులో, మీ వీధి ఆటోలో ఉన్న బ్రేకు దానికి మనవడే.

రబ్బరొచ్చేసరికి మరో పేచీ వచ్చింది. చెట్టు నుంచి తీసే రబ్బరుకు మట్టినూనెలూ, ఇంజనాయిలూ పడవు. తగిలితే పూరీలా ఉబ్బిపోతుంది. మరి ఏం పోయాలి? నీళ్ళు పోస్తే చలికి గడ్డకడతాయి, ఇనుము తుప్పుపడుతుంది. రబ్బరుని ఏమీ చేయని నూనె, జారుడుగా ఉండే నూనె, చెట్టుకు కాసే నూనె ఒకటి కావాలి. వాళ్ళకు దొరికింది ఆముదం! చిక్కగా ఉంటుంది గనక ఆల్కహాలు కలిపి పల్చన చేశారు. ఏళ్ళ తరబడి బ్రేకు గొట్టాల్లో తిరిగింది ఆముదమూ, ఆల్కహాలూను. మన ఇళ్ళల్లో చంటిపిల్లల ముక్కులు మూసి పోసింది, కాటుక పట్టేందుకు ప్రమిదలో వెలిగించింది, పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో పండేది. చెట్టులేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని ఎగతాళి చేస్తాం గాని, పాపం, దాని గింజకి ఈ ఘనత కూడా ఉంది.

దీనికీ లోటుంది. పొడవాటి ఘాటురోడ్డు దిగుతూ బ్రేకు తొక్కుతూనే ఉంటే చక్రాల దగ్గర వేడెక్కి ఆల్కహాలు మరిగి ఆవిరవుతుంది. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడలు నేలకు దిగిపోతుంది. అందుకని తర్వాత గ్లైకాల్ జాతి ద్రవాలొచ్చాయి. వాటికి మళ్ళీ మరో గుణం: గాలిలో తేమను తాగుతాయి. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో నూటికి 3.7 వంతుల నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. సీసాకు మూత పెట్టినా, కారు ఇంట్లోనే ఉన్నా, ఏళ్ళు గడిస్తే తాగుతుంది. నీరు చేరితే సిలిండరు లోపలి గోడకు తుప్పు, తుప్పుకు గుంటలు.

హెన్రీ ఫోర్డు వీటిని చాలాకాలం నమ్మలేదు. కాలి నుంచి చక్రం దాకా ఉక్కు ఉండాలన్నాడు. అందరూ మారిపోయినా ఆయన కార్లు 1939 దాకా మారలేదు. మొండివాడని నవ్వుకునేదాన్నే. కాని మా తమ్ముణ్ణి బస్సుకు రెండడుగుల దూరంలో ఆపింది ఏమిటి? చేతిబ్రేకు. ఎం.జి.బి.లో అది ఉక్కు తీగతో పనిచేస్తుంది. ముసలాయన మాటలో పస లేకపోలేదు! ఒకే సిలిండరూ ఒకే గొట్టాల వరసా ఉంటే ఎక్కడ కారినా నాలుగు చక్రాల పట్టూ పోతుంది. అమెరికా ప్రభుత్వం 1968 నుంచి కొత్త కార్లన్నింటికీ బ్రేకును రెండు భాగాలుగా విడగొట్టి తీరాలంది. మా వాడి 1972 బండి ఇంగ్లండులో అమ్మడానికి చేసింది. దానికింకా ఒకే భాగం.

ఈ చరిత్రంతా నేను అన్నాల దగ్గర చెబుతూంటే వాడు షెడ్డులో విప్పుతూ వచ్చాడు. ఆ షెడ్డు నుంచి లాక్‌హీడ్ బ్రేకులు చేసిన ఫ్యాక్టరీ ఉండే చోటికి నడిచి వెళ్ళొచ్చు. ఒకప్పుడు ఆ ఊళ్ళో వేలమంది అందులో పనిచేశారు. విప్పితే వెనక ఎడమ చక్రం దగ్గర చెమ్మ, బ్రేకు పట్టా తడిసిపోయి ఉంది. ఒకసారి ద్రవం పీల్చిన పట్టా ఎంత తుడిచినా పనికిరాదట. పారేశాడు. పెడలు పైనుండే మాస్టర్ సిలిండరులోంచి ఒక నల్ల రబ్బరు గిన్నె తీసి నా అరచేతిలో పెట్టాడు. అంచు అరిగిపోయి, ముసలివాళ్ళ పెదవిలా ముడుచుకుంది. మాడ్స్‌లే తోలుగిన్నె ఆకారమే! చరిత్ర పుస్తకాల్లో ఎన్నో చదివాను గాని, రెండు వందల ఏళ్ళు ఇలా అరచేతిలో పడటం అదే మొదటిసారి.

కొత్త రబ్బర్ల కిట్టు తెప్పించాడు. సిలిండరుని కొత్త బ్రేకు ద్రవంతోనే కడిగాడు. పెట్రోలు తగిలితే రబ్బరు పాడవుతుందట. గిన్నెలకు ఎర్రటి గ్రీజు రాస్తూంటే ఏదో తెలిసిన వాసన. వేలికి తీసుకుని చూశాను. "ఒరేయ్, ఇది ఆముదం రా!" అన్నాను. "అవునక్కా, రబ్బరు గ్రీజు ఇప్పటికీ ఆముదంతోనే చేస్తారు" అన్నాడు. పడికట్టు ఇంగ్లీషు షెడ్డులో మా అమ్మమ్మ వచ్చి నిలబడ్డట్టయింది.

గొట్టాల్లో గాలి తీసేపనికి ఇద్దరుండాలి. ఒకరు పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర కూర్చుని చిన్న నిపుల్‌ని పానాతో వదిలి, సీసాలోకి బుడగలు పోనిచ్చి, మళ్ళీ బిగించాలి. బిగించకముందే కాలు తీస్తే గాలి తిరిగి లోపలికి పోతుంది. మరదలు ఆ కారు ముట్టుకోనంది. నేను కూర్చున్నాను. చిన్నప్పుడు మా నాన్నగారి అంబాసిడరుకు మెకానిక్కు "తొక్కమ్మా... పట్టుకో... వదులు" అంటే తొక్కినదాన్నే. నాకదేం కొత్త కాదు.

దూరపు చక్రంతో మొదలుపెట్టి నాలుగూ అయ్యాయి. పెడలు గట్టిగా నిలబడింది. మా వాడు చేతులు తుడుచుకుని "అయిపోయింది!" అన్నాడు. మేనకోడలు అప్పుడే వచ్చి పక్కసీటులో కూర్చుని బెల్టు పెట్టుకుంది. అప్పుడు కంచె అవతలి నుంచి పక్కింటి పెద్దావిడ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది.

"నీ కాలు అలాగే ఉంచు. గట్టిగా నొక్కి కదలకుండా వంద లెక్కపెట్టు" అంది నాతో.

లెక్కపెట్టాను. ముప్ఫై దాకా రాయిలా ఉంది. నలభై దాటాక నా పాదం కింద ఏదో మెల్లగా జారుతున్నట్టు తోచింది. అరవైకి ఒక అంగుళం దిగింది. తొంభైకి ఇంకా దిగింది. బయట ఎక్కడా చుక్క కారడం లేదు. మా తమ్ముడి మొహంలో రంగు పోయింది. కొత్త రబ్బరు ఎంత మంచిదయినా, సిలిండరు గోడకు తుప్పు గుంటలుంటే దాని అంచు పక్కనుంచి ద్రవం లోలోపలే దాటిపోతుంది. గుంటలు వాడు చూశాడట. "చిన్నవే కదా అనుకున్నాను" అన్నాడు. మేనకోడలు మెల్లగా బెల్టు విప్పుకుని దిగింది. వంటింటి కిటికీలో మరదలు నిలబడి ఉంది.

పెద్దావిడ మా వాణ్ణి ఏమీ అనలేదు. ఆవిడ భర్త కారు కిందికి దూరితే మాటలు వినబడేవి కావట. పానాతో ఒకసారి తడితే తొక్కడం, రెండుసార్లు తడితే వదలడం. నలభై ఏళ్ళు ఆవిడే తొక్కిందట. "ఆయనకి మరలు తెలుసు. బ్రేకు బాగుందో లేదో మాత్రం నా పాదానికే తెలిసేది. నేను బాగుందనేదాకా ఆయన బయటికి తీసేవాడు కాదు" అంది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ పెడలు తొక్కినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

సిలిండరు కొత్తది తెప్పించాడు. వెనక సిలిండర్లూ, లోపల్లోపలే చివికే రబ్బరు గొట్టాలూ, ఇనప గొట్టాల బదులు తుప్పుపట్టని రాగి కలిసిన గొట్టాలూ, అన్నీ మార్చాడు. ఇంకో పది రోజులు పట్టింది. ద్రవం ఒక చుక్క కారు రెక్కమీద పడి రంగు లేచిపోయింది. దానికి వాడు బాధపడ్డంత బస్సు సంగతికి కూడా పడలేదని మరదలు నాతో గుసగుసలాడింది. అయితే ఈసారి సీసా పట్టుకుని వాడి పక్కన కూర్చుంది తనే.

పెడలు దగ్గర నేను కూర్చోలేదు. పెద్దావిడని చెరో చెయ్యీ పట్టుకుని సీటులో కూర్చోబెట్టాం. చెప్పులు విడిచి, ఉన్నిమేజోడు పాదం పెడలు మీద పెట్టింది. కింది నుంచి ఒకసారి టక్కుమంది. తొక్కింది. రెండుసార్లు టక్కుటక్కుమంది. వదిలింది. ఎవరూ చెప్పకుండానే మా వాడు పానాతో తట్టడం మొదలుపెట్టాడు. సీసాలో బుడగలు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. నాలుగో చక్రం అయ్యాక ఆవిడ పాదం అలాగే ఉంచి కళ్ళు మూసుకుంది. వంద లెక్కపెట్టే వ్యవధికన్నా ఎక్కువే అయింది. మరదలు సీసా చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇప్పుడు బాగుంది" అంది ఆవిడ. ఆ తర్వాత కూడా కాసేపు కాలు తియ్యలేదు.